అవసరం లేదన్న పిల్లలు

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నన్ను మాత్రం అడగకండి. ఒకసారి చెప్పాను. దాని ఫలితం అనుభవించిన వాళ్ళు తిరుత్తణి చుట్టుపక్కల ఇప్పటికీ యాభై మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా బస్టాండులో ఎదురుపడితే ముందు నవ్వుతారు, తర్వాత నమస్కారం పెడతారు. ఆ వరస అలా ఉండటం న్యాయమే.

నేను తమిళనాడు ఉపాధి శాఖలో, అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో, ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి శాఖ ఒకటుందని ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నేను చేరిన రోజుల్లో పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మా ఆఫీసు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరస ఉండేది. పేరు రాసుకుని కార్డు ఇచ్చేవాళ్ళం. మూడేళ్ళకోసారి వచ్చి రెన్యువల్ చేయించుకోవాలి. మీసం కూడా సరిగా రాని వయసులో కార్డు తీసుకున్నవాడు బట్టతలతో, చంకలో బిడ్డతో రెన్యువల్‌కు రావడం నేను చూశాను. "మేడం, నాకు లెటరేమన్నా వచ్చినాదా?" అని అడిగేవాడు. రాలేదని మెత్తగా చెప్పడంలో నాకున్నంత అనుభవం మా జిల్లాలో ఇంకెవరికీ ఉండదు.

మన దేశంలో కుర్రకారు ఎక్కువ, అదే మన బలం అని మీటింగుల్లో చెబుతూ ఉంటారు. వేదిక మీద కూర్చున్న వాళ్ళకు అది బలంగానే కనిపిస్తుంది. కిటికీ వెనక కూర్చున్న నాకు అది వరసగా కనిపించేది. రెండూ నిజమే. మనుషులు దొరకడం లేదని కంపెనీవాళ్ళు, పని దొరకడం లేదని పిల్లలు, ఒకే రోజు ఒకే టేబుల్ దగ్గర నాతో మొరపెట్టుకున్న సందర్భాలు ఎన్నో. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇద్దరి మధ్యా ఏది అడ్డం పడుతోందో కనుక్కోవడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని. ఒకసారి మాత్రం అడ్డం పడింది సాక్షాత్తూ నేనే.

రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందు సంగతి. నగరి అవతల ఆంధ్రాలో కొత్తగా ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఏసీ మెషిన్ల విడిభాగాలు బిగించే చోటు. వాళ్ళ సూపర్‌వైజర్లందరూ కోస్తా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, తమిళం ఒక్క ముక్క రాదు. తెలుగు మాట్లాడే పిల్లలు కావాలి, తెలుగు చదవడం రాయడం రాకపోయినా ఫర్వాలేదు అన్నారు. మా తిరుత్తణి పక్క సరిహద్దు పల్లెల్లో అలాంటి వాళ్ళకు కొదవేముంది? ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం. నాన్నతో తెలుగులో పోట్లాడి, ఆ పోట్లాట గురించి స్నేహితులకు తమిళంలో మెసేజ్ పెట్టే పిల్లలు.

కంపెనీ ఒక షరతు పెట్టింది. నలభై మంది ఎంపికైతే తిరుత్తణి నుంచి పల్లెల మీదుగా బస్సు నడుపుతారు. నలభైకి తగ్గితే బస్సు లేదు, ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. మామూలు బస్సుల్లో పోవాలంటే రెండు మారి, ఆపైన అరగంట నడవాలి.

ఈ కబురు తెలిసిన మర్నాడే ఒకమ్మాయి తిరువళ్ళూరులో మా ఆఫీసుకు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. అంతకు ముందు ఎక్కడో దూరంగా ఒక ఫ్యాక్టరీలో చేరి, హాస్టల్లో ఉండి, ఆ హాస్టలు మూతపడితే ఇంటికి తిరిగొచ్చింది. అప్పటి నుంచి వాళ్ళ ఊళ్ళో ఏ ఆడపిల్ల పని మాటెత్తినా, "అది పొయ్యి ఏం చేసినాది? తిరిగొచ్చింది కదా!" అని ఈ పిల్లనే చూపించేవారట.

"మేడం, మా ఊర్లో పదకొండు మంది ఆడపిల్లోళ్ళు చదువైపొయ్యి ఇంట్లో కూచోనుండారు. కంపెనీ బస్సు వాకిలి కాడికి వస్తాదంటే వాళ్ళ నాయనోళ్ళు పంపిస్తారు. నేనే ఇంటింటికీ పొయ్యి అడిగినాను. బస్సు నిజంగా వస్తాదా?"

"నలభై మంది సెలెక్టయితే వస్తాది."

"అయితే వస్తాదని చెప్పేస్తాను" అంది.

"ఉండమ్మా, ఇంకా ఇంటర్వ్యూ కూడా కాలేదే!"

"చెప్పేసినాను మేడం" అని నాలుక కరుచుకుంది. "ఒకమ్మాయి వాళ్ళ నాయన ఏమన్నాడంటే, బస్సు రాలేదంటే ఇంక ఈ మాట ఎత్తుకోని మా గడప తొక్కొద్దు, చిన్నదాన్ని కూడా పదోక్లాసుతో నిలిపేస్తానన్నాడు."

ఆ ఒక్క మాటతో బస్సు విలువ నాకు అర్థమైంది. పన్నెండు ఉద్యోగాలే కాదు, వాళ్ళ వెనక చదువుతున్న చెల్లెళ్ళ చదువులు కూడా దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ పిల్లలకు నేను దగ్గరుండి శిక్షణ ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. ఎవరూ నన్ను అడగలేదు. మా ఆఫీసరు కూడా వద్దనే అన్నారు. నా ఉత్సాహం నాది.

ఇంటర్వ్యూకు ముందు రోజు మణవాళనగర్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి, రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. నాకు తోడు మా ఆఫీసు క్లర్కు ఒకాయన. పళవేర్కాడు మనిషి, నా ఈడువాడే, అయినా నన్ను అక్కా అనేవాడు. నేను ఏం చేసినా పక్కన నిలబడి చిన్నగా నవ్వడం ఆయన సొంతంగా కల్పించుకున్న బాధ్యత. ఒక బళ్ళో గది అడిగి తీసుకున్నాం. అరవై మందికి మూడు తక్కువగా వచ్చారు.

నాకు పాత ఇంటర్వ్యూ క్యాంపుల అనుభవం ఉంది. "ఎప్పుడు చేరతావు?" అని అడిగితే చాలు, మా పిల్లలు "ఇప్పుడే సార్, ఈ పొద్దే సార్" అని కాళ్ళ మీద పడేవారు. అంత ఆత్రం చూస్తే ఎవడైనా లోకువ కడతాడు. అందుకే వాళ్ళకు నా భాషలో, అంటే మా ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులో, నొక్కి చెప్పాను.

"ఎప్పుడు చేరతావని అడుగుతారు. అడగతానే ఎగిరి గంతెయ్యొద్దండి. నిదానంగా, మర్యాదగా, 'అవసరమేమీ లేదు సార్' అని చెప్పండి. ఏమని చెప్తారు?"

"అవసరమేమీ లేదు సార్!" గది కిటికీలు అదిరాయి.

ఆంధ్రా పాఠకులు ఇక్కడే నెత్తి కొట్టుకుని ఉంటారు. మా సరిహద్దు పాఠకులకు ఇందులో తప్పేమిటో ఇంకా అర్థమై ఉండదు. నాకూ కాలేదు.

మర్నాడు ఇంటర్వ్యూలు ఒక కల్యాణ మండపంలో. ముందు రోజు పెళ్ళి జరిగినట్టుంది, గేటుకు కట్టిన అరటి చెట్లు అలాగే ఉన్నాయి, వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి పేర్లు పూలతో రాసి ఉన్నాయి. ఆ పూల కింద బల్ల వేసుకుని కంపెనీ ప్రతినిధి కూర్చున్నాడు. గోదావరి వైపు మనిషి, ముప్పై అయిదు దాటవు, మాటకు ముందొక అండి, వెనకొక అండి. మేము బయట వరండాలో వరస చూసుకుంటున్నాం.

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి ధీమాగా బయటికి వస్తున్నారు.

"చెప్పినావా?" అని అడిగాను ఒక అబ్బాయిని.

"చెప్పినాను మేడం. ఆయన నమ్మలా. నిజంగానా అని ఇంకోసారి అడిగినాడు. ఇంకా గట్టిగా చెప్పినాను."

"శభాష్!" అని భుజం తట్టాను. ఆ భుజం తట్టడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు జాబితా అతికించారు. అందులో మూడు పేర్లున్నాయి. కింద ఇంకో కాగితం ఉంటుందేమోనని ఎత్తి చూశాను. గోడ ఉంది.

మా క్లర్కు కళ్ళజోడు సవరించుకుని మూడు పేర్లూ చదివాడు. ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి. "అక్కా, ఈ ముగ్గురూ ఎవురో తెలుసునా? నిన్న మీ క్లాసుకి రానోళ్ళు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలు జాబితా చూసి బస్టాండుకు, రైల్వే స్టేషనుకు నడక మొదలుపెట్టారు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు. ఆమె వెనక ఆ పదకొండు మందీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

"మీరు చెప్పినట్టే చెప్పినాం కదా మేడం" అంది. కోపం లేదు గొంతులో, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. "యాడ తప్పినాం? ఇప్పుడు వీళ్ళను పిల్చుకోని ఏ మొగంతో ఊర్లోకి పోవల్ల?"

నేను గబగబా లోపలికి వెళ్ళాను. కంపెనీ ఆయన ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుంటున్నాడు.

"ఏం సార్, మా పిల్లోళ్ళలో ఏం లోపం కనపడింది?"

"లోపమేమీ లేదండీ. చురుకైన పిల్లలే. చేతిపని పరీక్ష కూడా బాగా చేశారు. కాకపోతే మీ పిల్లలంత నిజాయితీపరుల్ని నేనెక్కడా చూడలేదండి. ఎప్పుడు చేరతారమ్మా అంటే, ఉద్యోగం అవసరం లేదని మొహం మీదే చెప్పేస్తున్నారు. మరి అవసరం లేనివాళ్ళని తీసుకెళ్ళి నేనేం చేసుకోనండీ? ఒకమ్మాయైతే పాత కంపెనీ క్యాంటీన్‌లో అంతా మోసం అందండి. అన్నంలో మోసం ఎలా చేస్తారో నాకు అర్థం కాలేదు."

నాకు అప్పటికీ వెలగలేదు. ఆయన సంచి భుజాన వేసుకోవడం చూసి కంగారు పుట్టింది. ఎలాగైనా ఆపాలి. "అంత అవసరంగా పోతే ఎట్ల సార్? సాప్పాడు తినేసి నిదానంగా పోండి" అన్నాను.

ఆయన ఆగి నావైపు వింతగా చూశాడు. "అవసరంగా పోవడమేంటండీ?"

"అదే సార్, ఇంత తొందరగా..."

ఆ మాట నా నోట్లోంచి వచ్చీ రాగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తమిళంలో అవసరం అంటే తొందర. మా ఇళ్ళ తెలుగులోకి ఆ మాట ఆ అర్థంతోనే వచ్చి కూర్చుంది. ఏదైనా కావాలంటే మేము కావల్ల అంటాం, తొందరైతే అవసరం అంటాం. తొందరేమీ లేదు, మీరు పిలిచినప్పుడే వస్తాం అని ఎంతో హుందాగా చెప్పమని నేను నేర్పిన మాట, ఆయన చెవిలో మీ ఉద్యోగం మాకు అక్కర్లేదు అని పడింది. అది కూడా యాభై ఏడు మంది నోట, ఒకరి తర్వాత ఒకరు, శిక్షణ పొందిన గొంతుతో.

"మరి మోసం?" అన్నాడాయన అనుమానంగా.

"బాగాలేదని సార్. సాప్పాడు బాగాలేదని."

ఆయన సంచి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను కానీ నాకు నిజంగానే ఏడుపొచ్చింది. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, ఇంటి భాష నాకు పూర్తిగా వచ్చుననుకున్నాను. నా భాష మా సరిహద్దు దాటితే ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"తప్పు నాది సార్. పిల్లోళ్ళది కాదు. ఇంకోసారి చూడండి" అన్నాను. ఆ మాట మా ఆఫీసరు ఎదుటే అనాల్సి వచ్చింది. ఇంటర్వ్యూలు ఎలా జరిగాయో చూడటానికి వచ్చి, ఆయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. శిక్షణ వద్దన్నది ఆయనే కదా. అయినా పాపం, నన్ను దెప్పలేదు. ఫ్యాను వేగం పెంచి వెళ్ళిపోయారు.

కంపెనీ ఆయన గడియారం చూసుకున్నాడు. "నాలుగింటి దాకా ఉంటానండి. మిగతా మార్కులన్నీ వేసే ఉన్నాయి, ఆ ఒక్క ప్రశ్నే మళ్ళీ అడుగుతాను. కానీ పిల్లలు ఎదురుగా ఉండాలి, ఫోన్లో కుదరదు. నలభై మంది తేలితేనే బస్సు, అది నా చేతిలో లేదు. ఇంకో మాటండి, ఏమీ అనుకోకండి. ఈసారి మీరు వాళ్ళకి ఏమీ చెప్పొద్దు."

బయటికొచ్చి చూస్తే వరండాలో ఇరవై మంది కూడా లేరు. ఆ అమ్మాయికి విషయం చెప్పాను. నోరు తెరిచి విన్నది. తిడుతుందనుకున్నాను. చేతిలో ఫోను తీసి, క్లాసు రోజున అందరూ కలిసి పెట్టుకున్న వాట్సాప్ గుంపులో తమిళంలో ఒక్క మాట గట్టిగా రికార్డు చేసి పంపింది. నేను తెలుగులో చెబుతాను: "అందరూ తిరిగి రండి. తప్పు మనది కాదు, మేడంది. నాలుగింటి లోపల రండి."

ఆ మధ్యాహ్నమంతా ఎవరు మండపంలోకి పరుగెత్తుకొచ్చినా వాళ్ళ ఫోన్లో అదే మాట మోగుతూ ఉండేది. తప్పు మేడంది, తప్పు మేడంది. ఎంతమంది నోట విన్నా నాకు విసుగు పుట్టలేదు. ఆ మాట మోగిన ప్రతిసారీ ఒక మనిషి తిరిగొచ్చినట్టు లెక్క. అరక్కోణం రైలెక్కేసిన ముగ్గురు తర్వాతి స్టేషనులో దిగి ఆటో పట్టుకున్నారు. ఒక అబ్బాయి బస్సు డ్రైవరును బతిమాలి సగం దారిలో దిగి, దారినపోయే ట్రాక్టరు మీద వచ్చాడు. పెద్దవాళ్ళం ఈ తరం పిల్లల్ని ఫోనుకు అతుక్కుపోయారని తిడతాం. ఆ రోజు వాళ్ళు అతుక్కుపోయి ఉండటమే మమ్మల్ని బతికించింది.

నన్ను గేటు దగ్గర అరటి చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. మా క్లర్కు నాకు కాపలా. "అక్కను నోరు తెరవనియ్యను సార్, మీరు నిమ్మళంగా చూసుకోండి" అని లోపలికి కేకేశాడు. పిల్లలు నా ముందు నుంచే వెళుతూ, "ఏం చెప్పల్ల మేడం?" అని అలవాటుగా అడుగుతున్నారు. నేను రెండు చేతులతో నోరు మూసుకుని తల అడ్డంగా ఊపాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అదేనేమో.

ఆ అమ్మాయి తన పదకొండు మందినీ ముందు పంపింది. తర్వాత ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చిన వాళ్ళందరినీ పంపింది. తను అందరికన్నా చివర నిలబడింది. నాలుగింటికి అయిదు నిమిషాలున్నాయనగా లోపలికి వెళ్ళింది. ఆమె ఏం చెప్పిందో కంపెనీ ఆయనే తర్వాత నాకు చెప్పాడు. ఎప్పుడు చేరతావమ్మా అని అడిగితే, "సార్, నేను పదకొండు ఇండ్లకి మాటిచ్చి వీళ్ళను పిల్చుకోనొచ్చినాను. నన్ను తీసుకోకపోయినా పరవాలా. బస్సు మాత్రం పంపించండి" అందట.

ఈసారి జాబితాలో నలభై నాలుగు పేర్లున్నాయి. ఆమె పేరు పక్కన ఆయన పెన్సిలుతో ఏదో రాశాడు. ఏమిటని అడిగితే, "ఆ బస్సులో ఎవరెక్కారో ఎవరెక్కలేదో రోజూ చూసుకునే పని ఈ అమ్మాయికేనండి. ఎలాగూ అదే చేస్తోందిగా" అన్నాడు.

ఆ సాయంత్రం రైల్లో మా క్లర్కు నాకు పళవేర్కాడు ఎండు రొయ్యల పొట్లం ఒకటి ఇచ్చాడు. ఓదార్పు అనుకున్నాను. "కాదక్కా, సంతోషానికి" అన్నాడు. అప్పటిదాకా తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని నేను, మరుసటి వారమే నగరి వెళ్ళి పిల్లల తెలుగు వాచకాలు కొనుక్కొచ్చాను. అక్షరాలు దిద్ది, పత్రికలు కూడబలుక్కుని చదివి, ఈ రోజు ఇలా నాలుగు పేజీలు రాయగలుగుతున్నానంటే దానికి కారణం ఆ మొదటి జాబితాలోని మూడు పేర్లే.

పిల్లల్లారా, మీరు ఎక్కువమంది ఉన్నారు, పోటీ ఎక్కువ, నిజమే. మీకన్నా ముందున్న పెద్దవాళ్ళ సలహాలు కూడా ఎక్కువే ఉంటాయి. అందులో కొన్ని నాలాంటివాళ్ళవి. మర్యాదగా వినండి, కానీ అడిగిన మనిషి ముఖం చూసి సొంత మాట చెప్పండి. ఇది కూడా సలహానే, జాగ్రత్త.

బస్సు మొదలైన రోజున నేను సెలవు పెట్టి ఆ అమ్మాయి వాళ్ళ ఊరికి వెళ్ళాను. పొద్దున ఆరున్నర. తండ్రులందరూ రోడ్డు మీదే ఉన్నారు. గడప తొక్కొద్దన్న ఆయన అందరికన్నా ముందొచ్చాడు. బస్సు ఆగగానే ఆయనే ఎక్కి సీట్లు ఒత్తి చూశాడు, కిటికీలు తెరిచి మూసి చూశాడు, డ్రైవరును నీకు పిల్లలున్నారా అని అడిగాడు. ఎంతకూ దిగడు. లోపలి నుంచి కూతురు, "నాయనా, టైమైపోతాంది, దిగు!" అని అరిచింది. ఆయన దిగి, నా పక్కన నిలబడి, "చిన్నది పదకొండో క్లాసులో ఏ గ్రూపు తీసుకుంటే మంచిది మేడం?" అని అడిగాడు.

నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, "దాన్నే అడగండన్నా" అన్నాను.

అప్పటికి ఇరవై ఆరేళ్ళు నేను పేర్లు రాసుకున్నాను. ముద్ర వేశాను, సంతకం పెట్టాను. కానీ నేను పేరు రాసుకున్న మనిషి పనికి బయల్దేరి వెళ్ళడం ఎప్పుడూ కళ్ళారా చూడలేదు. అదే మొదలు. నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ అమ్మాయి అందరినీ లెక్కపెట్టుకుని, ఆఖరున మెట్టెక్కి, బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టి, మా తమిళ కండక్టర్ల లాగానే "పోలాం, రైట్!" అని అరిచింది. ఆంధ్రా డ్రైవరుకు మొదటి మాట తెలియలేదు. రెండో మాటకు బస్సు కదిలింది.